గుర్రాలు లాగే ఎరువు చల్లే బండి డిజైన్: తరచుగా అడిగే ప్రశ్నలు

గుర్రాలతో ఎరువు చల్లే బండి చేద్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది తొట్టి ఎంత పెద్దది పెట్టాలని. ఆ ప్రశ్నకి జవాబు చివర్లో వస్తుంది. ముందు గుర్రం ఎంత లాగగలదో తేలాలి, తర్వాత చక్రం, ఆ తర్వాతే తొట్టి. కింది జవాబులన్నీ ఆ వరుసనే నమ్ముకుని రాసినవి.

గుర్రం ఎంత లాగుతుందని లెక్క వేసుకోవాలి?

బండి లాగే జాతి గుర్రం, గంటకు 4 కిలోమీటర్ల నడకలో, తన బరువులో పదో వంతు లాగుడుని గంటల తరబడి ఇవ్వగలదు. 700 కిలోల గుర్రమైతే 70 కిలోల లాగుడు, జోడీ అయితే 140. దీన్ని పవర్‌లోకి మారిస్తే జోడీకి సుమారు 1,500 వాట్లు వస్తుంది. జేమ్స్ వాట్ లెక్కలో ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కాబట్టి, రెండు గుర్రాలకు రెండు హార్స్‌పవర్లు. లెక్క చక్కగా కుదిరింది.

గోతిలో పడ్డ చక్రాన్ని లాగేటప్పుడు గుర్రం కాసేపు దీనికి ఎన్నో రెట్లు బలం చూపిస్తుంది. ఆ బలం చూసి మురిసిపోయి డిజైన్ చేస్తే మధ్యాహ్నానికి గుర్రాలు చెమటతో నిలబడిపోతాయి. పదో వంతు లెక్కే పట్టుకోండి.

ఇక బండి వైపు చూస్తే, గట్టి పచ్చిక నేల మీద మొత్తం బరువులో 8 శాతం దాకా లాగుడు కావాలి. దున్నిన మెత్తటి నేలలో అది 15 నుంచి 20 శాతానికి పోతుంది. అదే బండి, అవే గుర్రాలు, పొలం మారితే లాగుడు రెట్టింపు. కాబట్టి ఎప్పుడూ మీ దగ్గరున్న అన్నిటికన్నా మెత్తటి పొలాన్ని బట్టి లెక్క వేయండి.

పెంట చల్లే బండి, రసాయన ఎరువు చల్లే బండి ఒకటేనా?

రెండింటికీ పోలిక చాలా తక్కువ. పశువుల పెంట ఎకరాకి టన్నుల్లో పోస్తాం, అది గడ్డితో ముద్దకట్టి ఉంటుంది, దాన్ని చీల్చి విసరాలి. యూరియా లాంటివి ఎకరాకి పదుల కిలోల్లో పడాలి, అదీ సమంగా. మొదటిది బలంతో పని, రెండోది కొలతతో పని. ఒకే బండితో రెండూ చేయిద్దామని చూసినవాళ్ళకి రెండూ సరిగ్గా చేయని బండి మిగులుతుంది. సున్నం పొడి మాత్రం రసాయన ఎరువు బండిలోనే పోస్తారు, కాకపోతే దాని పేచీలు దానికున్నాయి, కింద చెప్తాను.

చక్రం నుంచే పవర్ ఎందుకు తీసుకోవాలి? చిన్న ఇంజన్ పెట్టుకోవచ్చు కదా?

గుర్రం ఒకే వేగంతో నడవదు. పొద్దున హుషారుగా నడుస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మెల్లగా, ఇంటి వైపు తిరిగాక మళ్ళీ గబగబా. ఇంజన్ ఒకే వేగంతో ఎరువు వదులుతూ ఉంటే, గుర్రం మెల్లగా నడిచిన చోట ఎక్కువ, గబగబా నడిచిన చోట తక్కువ పడుతుంది. చక్రంతో తిరిగే యంత్రానికి ఈ బాధ ఉండదు. గుర్రం ఆగితే ఎరువూ ఆగుతుంది. బండి పొలంలో ఎంత దూరం వెళ్ళిందో నిజంగా తెలిసిన భాగం నేల మీది చక్రం ఒక్కటే.

ఇంజన్ పెట్టకూడదని కాదు. అమెరికాలో అమిష్ రైతులు (ఆధునిక యంత్రాలకి చాలావరకు దూరంగా ఉండే క్రైస్తవ సమాజం), అందులో కొన్ని సమాజాలవాళ్ళు, గుర్రాలకూ యంత్రానికీ మధ్య రెండు చక్రాల ముందుబండి ఒకటి తగిలించి, దాని మీద ఇంజన్ పెట్టి, పీటీవో షాఫ్ట్‌తో (ఇంజన్ బలాన్ని వెనక్కి అందించే తిరిగే కడ్డీ) వెనక యంత్రాన్ని తిప్పుతారు. పెద్ద పెంట బండికి అది బాగానే పనికొస్తుంది, ఎందుకంటే పెంట కొంచెం అటూ ఇటూ అయినా పంటకి నష్టం లేదు. యూరియాకి మాత్రం నేను చక్రాన్నే నమ్ముతాను.

పెంట బండిలో అడుగు కదులుతుందంటారు. అదెలా పని చేస్తుంది?

తొట్టి అడుగున రెండు వైపులా చైన్లు, వాటి మధ్య అడ్డంగా పట్టీలు ఉంటాయి. ఇది మెల్లగా వెనక్కి జరుగుతూ పెంట మొత్తాన్నీ తోక వైపు మోసుకెళ్తుంది. అక్కడ పళ్ళున్న రోలర్, అంటే బీటర్, దాన్ని చీల్చి వెనక్కి విసురుతుంది.

ఎంత మెల్లగా అనేదే ఇందులో కీలకం. తొట్టి 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు అనుకుందాం. ఘనపు మీటరున్నర పెంట, సుమారు టన్ను. హెక్టారుకి 10 టన్నులు, అంటే చదరపు మీటరుకి కిలో పడాలి. వెనక 2 మీటర్ల వెడల్పున చల్లితే ఈ టన్ను 500 మీటర్ల దూరానికి సరిపోతుంది. అంటే బండి 500 మీటర్లు నడిచేలోగా అడుగు 3 మీటర్లు మాత్రమే జరగాలి. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న చక్రం ఒక్కసారి తిరిగితే 3.77 మీటర్లు పోతుంది కాబట్టి, చక్రం ఒక చుట్టుకి అడుగు రెండుంపావు సెంటీమీటర్లు జరిగితే చాలు.

ఇంత పెద్ద తగ్గింపుని మామూలు పళ్ళ చక్రాలతో చేయాలంటే చాలా చక్రాలు కావాలి. పాతకాలపు డిజైనర్లు తెలివిగా ర్యాచెట్, అంటే ఒక వైపుకే తిరగనిచ్చే పళ్ళ చక్రం, వాడారు. ఇరుసు తిరిగినప్పుడల్లా ఒక చేయి ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దాని కొసన ఉన్న కొక్కెం ర్యాచెట్ చక్రాన్ని ఒకటో రెండో పళ్ళు నెడుతుంది. చేయి ఎంత దూరం ఊగాలో సీటు దగ్గరి లివర్‌తో మార్చుకుంటే చాలు, ఒక పన్ను నెడితే పలచగా, నాలుగు నెడితే చిక్కగా పడుతుంది. గేర్‌బాక్స్ అక్కర్లేదు. కొక్కెం అరిగితే ఊళ్ళో కమ్మరి చేసిస్తాడు. ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకైతే ఇప్పటికీ కనపడలేదు.

పై లెక్కలో టన్ను పెంటని రెండు గుర్రాలు లాగగలవా?

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. టన్ను పెంట, అర టన్ను బండి, మొత్తం 1,500 కిలోలు. గట్టి నేల మీద 8 శాతం అంటే 120 కిలోల లాగుడు, ఇంకా బీటర్ తిప్పడానికి అయ్యేది దాని పైన. జోడీకి ఉన్న 140 అక్కడే అయిపోతుంది. మెత్తటి నేలలో 15 శాతం అంటే 225. ఇది జోడీ పని కాదు, కనీసం మూడు నాలుగు గుర్రాల పని. లేదా తొట్టిని సగానికన్నా తక్కువే నింపాలి. తొట్టి కొలత చివర్లో తేలుతుందని మొదట్లో అన్నది ఇందుకే.

బీటర్లు ఎన్ని ఉండాలి? వెడల్పుగా చల్లడం ఎప్పుడు మొదలైంది?

కెనడాకి చెందిన జోసెఫ్ కెంప్ 1875 ప్రాంతంలో చేసిన పెంట బండితో ఈ యంత్రానికి ఒక రూపం వచ్చింది. కానీ ఆ తరం బండ్లు తొట్టి వెడల్పు ఎంతో అంతమేరకే చల్లేవి. మీటరు వెడల్పు చల్లుతూ పొలమంతా తిరగాలంటే గుర్రాలకి ఎంత నడకో ఊహించుకోండి.

1899లో ఒహాయో రాష్ట్రంలోని మరియా స్టెయిన్ అనే ఊళ్ళో జోసెఫ్ ఓపెన్‌హైమ్ అనే బడిపంతులు దీన్ని మార్చాడు. బీటర్ వెనక మరో ఇరుసు, దాని మీద వాలుగా బిగించిన తెడ్లు పెట్టాడు. వాలు తెడ్డు తగిలిన పెంట నేరుగా పోకుండా పక్కలకి చెదురుతుంది. పిల్లలు వాలుగా పట్టిన బ్యాటుతో బంతిని కొడుతుంటే అది పక్కకి పోవడం చూసి ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. పెంట పని కోసం పిల్లలు బడి మానేస్తున్నారన్న బాధ కూడా ఆయనకి ఉండేదట. ఆయన కంపెనీ పేరు 'న్యూ ఐడియా', పేరు పెట్టడంలో మొహమాటపడలేదు.

ఇప్పటికీ మంచి అమరిక ఇదే. కింద పెద్ద బీటర్, గుట్టగా నింపే అలవాటుంటే పైన ఇంకొకటి, వెనక వాలు తెడ్లు. జోడీ బండికి పై బీటర్ లేకపోయినా నడుస్తుంది, దాని బదులు తొట్టి అంచు దాటి నింపకండి.

బీటర్ ఎంత వేగంతో తిరగాలి?

గంటకు 4 కిలోమీటర్ల నడకలో 1.2 మీటర్ల చక్రం నిమిషానికి సుమారు 18 చుట్లు తిరుగుతుంది. బీటర్‌ని 200 చుట్లు తిప్పాలంటే పదకొండు రెట్లు పెంచాలి, రెండు దశల చైన్‌తో అది వస్తుంది. వేగం మరీ పెంచకండి, ఎందుకంటే ప్రతి చుట్టూ గుర్రం మెడ మీద నుంచే వస్తుంది.

ఇంకో హద్దు కూడా ఉంది. బీటర్ బిగుసుకుంటే చక్రం తిరగకుండా నేల మీద ఈడ్చుకుపోతుంది. అందుకే పెంట బండి చక్రాల పట్టా మీద అడ్డంగా ఇనుప కట్లు వేస్తారు. తొట్టి ఖాళీ అవుతున్నకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి పట్టు కూడా తగ్గుతుంది. ఆఖరి పదిశాతం పెంట ముద్దలుగా పడుతోందని ఫిర్యాదు చేసేవాళ్ళు ముందు చక్రం ఈడుస్తోందేమో చూసుకోవాలి.

రసాయన ఎరువుకి ఏ రకం మంచిది: అడ్డ తొట్టిదా, తిరిగే పళ్ళెందా?

గుర్రాలకైతే అడ్డ తొట్టిదే. రెండు చక్రాల మధ్య ఇరుసు పైన పొడవాటి తొట్టి, అడుగున వరసగా రంధ్రాలు లేక ఎరువుని తోసే చక్రాలు ఉంటాయి. ఎరువు నేరుగా కింద పడుతుంది. గాలికి కొట్టుకుపోదు, వెడల్పు ఖచ్చితంగా తెలుస్తుంది.

తిరిగే పళ్ళెం రకంలో పళ్ళెం నిమిషానికి 500 చుట్లు తిరగాలనుకుంటే, 18 చుట్ల చక్రం నుంచి దాదాపు ఇరవై ఎనిమిది రెట్లు పెంచాలి. గుర్రాలు కదిలిన మొదటి కొన్ని అడుగుల్లో పళ్ళెం వేగం అందుకోదు, ఎరువు దగ్గరే గుట్టగా పడుతుంది. నడక మారినప్పుడల్లా విసిరే దూరం మారుతుంది. పెద్ద గుళిక దూరం పోతుంది, సన్న గుళిక దగ్గర పడుతుంది కాబట్టి కలిపిన ఎరువులు పొలంలో విడిపోతాయి. అన్నిటికీ మించి, ముందు అడ్డం పెట్టకపోతే గుళికలు గుర్రాల వెనక కాళ్ళకి తగులుతాయి. ఒకసారి తగిలిన గుర్రం మళ్ళీ ఆ బండికి కట్టించుకోవడానికి ఇష్టపడదు. పచ్చిక బయళ్ళలో పెద్ద విస్తీర్ణం త్వరగా చల్లాలంటే మాత్రం ఇది పనికొస్తుంది.

రంధ్రాల నుంచి జారే రకానికీ, తోసే చక్రాల రకానికీ తేడా ఏంటి?

అడ్డ తొట్టి బండ్లలో అసలు చూడాల్సింది ఇదే, అమ్మేవాళ్ళు మాత్రం దీని గురించి మాట్లాడరు. రంధ్రాల రకంలో లోపల కదిపే కడ్డీ ఒకటి చక్రంతో తిరుగుతూ ఉంటుంది. అది ఎరువు గడ్డకట్టకుండా చూస్తుందే తప్ప కొలవదు. ఎరువు తన బరువుతో తనే జారుతుంది. అంటే సెకనుకి ఇంత అని పడుతుంది, గుర్రం మెల్లగా నడిస్తే అక్కడ ఎక్కువ పడుతుంది. చూడటానికి చక్రంతో తిరిగే యంత్రమే అయినా, పని తీరులో ఇంజన్ పెట్టినదానితో సమానం. ఆగినప్పుడు మూత వేయడం మర్చిపోతే ఆ చోట పైరు మాడిపోతుంది.

తోసే చక్రాల రకంలో, గాడులున్న చిన్న రోలర్లు గానీ నక్షత్రం ఆకారపు చక్రాలు గానీ ఒక చుట్టుకి ఇంత అని కొలిచి వదులుతాయి. చక్రం ఆగితే ఇవీ ఆగుతాయి. ఖర్చు ఎక్కువ, శుభ్రం చేయడం విసుగు. అయినా కొత్తగా చేయించుకునేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

తొట్టి కొలతలు, వాలు?

గుళికల ఎరువు కుప్పపోస్తే 30 నుంచి 35 డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది. తొట్టి గోడలు అంతకన్నా బాగా నిటారుగా, 60 డిగ్రీల చుట్టూ ఉంటే తనంతట తనే జారుతుంది. పైన 40 సెంటీమీటర్ల వెడల్పు, 40 లోతు, కిందికి సన్నగా దిగే తొట్టి 2.4 మీటర్ల పొడవున చేస్తే సుమారు 190 లీటర్లు వస్తుంది. లీటరుకి ముప్పావు కిలో లెక్కన యూరియా అయితే 145 కిలోలు పడుతుంది. సున్నం పొడి అదే తొట్టిలో 250 కిలోల దాకా తూగుతుంది.

200 కిలోల బండి, 70 కిలోల మనిషి, 145 కిలోల యూరియా, దున్నిన నేలలో 15 శాతం: 62 కిలోల లాగుడు. ఒక గుర్రం చాలు. సున్నంతో నింపితే 78, ఒక గుర్రానికి మించింది.

సున్నం పొడి పేచీ బరువుతోనే పోదు. అది రంధ్రం పైన కమానులా నిలబడిపోతుంది. కింద ఖాళీ, పైన నిండుగా. దానికి కదిపే కడ్డీ బలంగా, రంధ్రానికి దగ్గరగా తిరగాలి. గుళికల ఎరువుకి అదే కడ్డీ వాడితే గుళికలు నలిగి పిండవుతాయి. విప్పి మార్చుకునేలా చేయించుకోండి.

ఎకరాకి ఎంత పడుతుందో పొలంలోకి దిగకముందే ఎలా తెలుసుకోవాలి?

గుర్రాలని విప్పేయండి. బండిని జాకీ మీద ఎత్తి, చక్రానికి సుద్దతో గుర్తు పెట్టండి. 1.2 మీటర్ల చక్రం, 2.4 మీటర్ల తొట్టి అయితే ఒక చుట్టుకి 9 చదరపు మీటర్లు. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరాకి సుమారు 447 చుట్లు. కింద పట్టా పరిచి 45 చుట్లు తిప్పితే ఎకరాలో పదో వంతు. ఎకరాకి 50 కిలోలు కావాలంటే పట్టా మీద 5 కిలోలు పడాలి. ఎక్కువైతే మూత తగ్గించండి, మళ్ళీ తిప్పండి. రంధ్రాల రకమైతే గుర్రం నడకకి సరిపడా, చుట్టుకి మూడు నాలుగు సెకన్లు పట్టేలా తిప్పాలి. గబగబా తిప్పితే లెక్క తప్పుతుంది.

తర్వాత పొలంలో ఒక్క పరీక్ష. సగం నిండిన బండితో పది చుట్లు నడిపి దూరం కొలవండి. 37.7 మీటర్లు రావాలి. 40 వస్తే చక్రం ఈడుస్తోందన్నమాట. అప్పుడు ఎకరాకి 421 చుట్లే తిరుగుతుంది, ఎరువు ఆ మేరకు తక్కువ పడుతుంది. మూత దానికి తగ్గట్టు కొంచెం తెరవండి.

మలుపుల్లో ఏమవుతుంది?

బయటి చక్రం గబగబా, లోపలి చక్రం మెల్లగా తిరుగుతాయి. రెండూ ఇరుసుకి గట్టిగా బిగిస్తే ఒకటి ఈడ్చుకోవాల్సిందే. అందుకని రెండు చక్రాల బొడ్డులోనూ ర్యాచెట్ పెడతారు. ఏది వేగంగా తిరిగితే అది ఇరుసుని తిప్పుతుంది, రెండోది తన దారిన తాను తిరుగుతుంది. బండిని వెనక్కి తోసినప్పుడు యంత్రం కదలదు, అదొక లాభం. చవక బండ్లలో ఒక చక్రం నుంచే పవర్ తీస్తారు. వాటితో పవర్ తీసే చక్రం వైపు మలుపు తిరిగితే ఎరువు తక్కువ, అవతలి వైపు తిరిగితే ఎక్కువ.

బండి బరువు గుర్రాల మెడ మీద పడకుండా ఎలా?

అడ్డ తొట్టి బండిలో ఎరువు ఇరుసు మీదే ఉంటుంది, నిండినా ఖాళీ అయినా తూకం పెద్దగా మారదు. సీటుని ఇరుసుకి కొంచెం వెనక పెడితే మనిషి బరువు నొగ బరువుని సరిచేస్తుంది.

పెంట బండి కథ వేరు. అడుగు వెనక్కి జరుగుతుంటే ముందు భాగం ఖాళీ అయి మిగిలిన బరువంతా తోక దగ్గర చేరుతుంది. ఇరుసు మధ్యలో ఉంటే నొగ పైకి లేచి గుర్రాల పొట్ట కింది పట్టీని లాగుతుంది. ఇరుసుని వెనక్కి జరిపితే నిండు బండిలో నొగ మెడల మీద కూర్చుంటుంది. రెండు చక్రాలతో దీనికి మంచి జవాబు లేదు. ముందు చిన్న చక్రాల జత పెట్టడమో, ముందుబండికి తగిలించడమో చేయాలి. ముందు చక్రాలు తొట్టి కిందికి దూరేంత చిన్నవైతే బండి ఇరుకులోనూ తిరుగుతుంది. వాలు నేలల్లో వాడే బండికి బ్రేక్ గానీ, గుర్రం పిరుదుల చుట్టూ వెనక్కి ఆపే పట్టీ గానీ లేకుండా పని మొదలుపెట్టకండి.

ఏ లోహంతో చేయాలి?

రసాయన ఎరువులు చాలావరకు ఉప్పులే, అవి ఇనుముని తినేస్తాయి. పాతవాళ్ళు తొట్టిని చెక్కతో చేసింది చవకని ఒక్కటే కాదు. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు, గట్టి ప్లాస్టిక్ తొట్టులు మంచివి. ఇత్తడి బుష్‌లు మిగతా యంత్రాల్లో బాగుంటాయి గానీ, అమ్మోనియా తగిలే చోట ఇత్తడి పగుళ్ళు తీస్తుంది. అక్కడ నైలాన్ లాంటి ప్లాస్టిక్ బుష్ వేయండి. చైన్‌కి నూనె రాసేటప్పుడు ఎరువు పడే చోట రాయకండి, ఎరువు అంటుకుని ముద్ద కడుతుంది.

రాత్రి తొట్టిలో ఎరువు వదిలేస్తే ఏమవుతుంది?

పొద్దున సుత్తితో కొట్టాలి. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 73 శాతం దాటితే యూరియా నీరు పీల్చుకుంటుంది. అమ్మోనియం నైట్రేట్ 59 శాతానికే మొదలుపెడుతుంది. ఆ రెండూ కలిస్తే 18 శాతం తేమ చాలు, అంటే దాదాపు ఎప్పుడైనా సరే. కాబట్టి ఆ రెంటినీ ఒకే తొట్టిలో ఎప్పుడూ కలపకండి. తొట్టి అడుగు పలక రెండు పిన్నులు తీస్తే ఊడి వచ్చేలా చేయండి. పానా వెతుక్కోవాల్సి వస్తే సాయంత్రం ఎవరూ శుభ్రం చేయరు, నేనైనా చేయను.

గుర్రాలు బెదరకుండా డిజైన్‌లో ఏం చూసుకోవాలి?

చప్పుడు. వదులైన చైన్, గలగలలాడే మూత, హఠాత్తుగా పట్టే క్లచ్. వీటిల్లో క్లచ్ ముఖ్యం. బీటర్ ఒక్కసారిగా అందుకుంటే భుజాల మీద కుదుపు వస్తుంది, వెనక పెద్ద చప్పుడు కూడా. లివర్ సీటులో కూర్చునే అందాలి, పగ్గాలు వదలకుండా ఒక చేత్తో లాగేలా ఉండాలి. పొలం గేటు దాటేటప్పుడు, రోడ్డు మీద, యంత్రం పూర్తిగా విడిపోయి ఉండాలి. చైన్లన్నిటికీ మూతలు తప్పనిసరి. బీటర్‌లో చిక్కుకున్నది తీయాలంటే లివర్ విడిపించడం ఒక్కటే చాలదు, ముందు గుర్రాలని బండి నుంచి విప్పాలి. గుర్రం ఒక్క అడుగు వేస్తే బీటర్ రెండు చుట్లకి పైగానే తిరుగుతుంది.

పాత ట్రాక్టర్ ఎరువు యంత్రాన్ని గుర్రాలకి మార్చుకోవచ్చా?

చక్రంతో తిరిగే చిన్న అడ్డ తొట్టి రకమైతే నొగ, సీటు బిగించి మార్చుకోవచ్చు. పీటీవోతో తిరిగే పళ్ళెం రకమైతే ఇంజన్ ఉన్న ముందుబండి కావాలి. కొనే ముందు ఖాళీ బరువు చూడండి. ట్రాక్టర్ వెనక 400 కిలోల ఇనుము ఎవరికీ బరువనిపించదు. దున్నిన నేలలో అది 60 కిలోల లాగుడు, ఇంకా గుప్పెడు ఎరువైనా పోయకముందే.